ఎత్తుకొచ్చిన స్తంభం

చూసినవాళ్లంతా నన్ను వెనిస్‌వాళ్ల స్తంభమంటారు. వాళ్ల గవర్నరు మేడ ముందు నిలబడ్డాను కాబట్టి అలా అనుకోవడంలో తప్పులేదు. కానీ నాది ఈ ఫమగుస్తా ఊరు కాదు. ఇక్కడికి ఉత్తరాన, ఒక పూట నడకలో సలామిస్ అని సముద్రపు ఒడ్డున ఒక పాత నగరం ఉంది. నేను అక్కడి గ్రానైట్‌ని. సలామిస్ అనగానే చదువుకున్నవాళ్లకు క్రీ.పూ. 480లో పర్షియన్ల ఓడలు మునిగిన చోటు గుర్తొస్తుంది. అది గ్రీసు దగ్గరి ద్వీపం, మాది సైప్రస్. ట్రాయ్ యుద్ధం నుంచి తిరిగొచ్చిన త్యూక్రోస్‌ను ఆ ద్వీపంలో కన్నతండ్రే గడప తొక్కనివ్వలేదట. అతను ఇటొచ్చి పుట్టినూరి పేరే పెట్టుకున్నాడని మావైపు కథ.

నన్ను ఎలా చెక్కారో, ఎంతమంది మోశారో చెప్పి విసిగించను. రాతి పుట్టుక ఏ రాతిదైనా ఒకటే, ఉలి దెబ్బలు. రోమన్ల కాలంలో మా ఊళ్లో నాటకశాల ఉండేది, పాలరాతి స్తంభాల వ్యాయామశాల ఉండేది. నాలుగో శతాబ్దంలో భూకంపాలకు అన్నీ కూలాయి. రెండో కాన్‌స్టాంటియస్ చక్రవర్తి ఊరిని మళ్లీ కట్టించి కాన్‌స్టాన్షియా అని తన పేరు తగిలించాడు. ఆ మరమ్మతుల్లో నాటకశాల స్తంభాలను పీక్కొచ్చి వ్యాయామశాలలో నిలబెట్టారు. ఇప్పటికీ వెళ్లి చూడండి, కింద పీఠం ఒక కొలత, పైన స్తంభం ఒక కొలత, తమ్ముడి చొక్కా అన్నకు తొడిగినట్టు ఉంటాయి. పాతదాన్ని విప్పి కొత్తదానికి అతికే అలవాటు మావాళ్లకే ఉండేదన్నమాట. తర్వాత మమ్మల్ని ఎవరో దోచుకుపోయారని ఏడిస్తే నవ్విపోతారు.

ఏడో శతాబ్దంలో అరబ్బుల దాడులు మొదలయ్యాక జనం మూటా ముల్లే సర్దుకుని దక్షిణాన ఫమగుస్తాకు చేరారు. మేం ఇసుకలో ఉండిపోయాం. 1291లో ఆకర్ పడిపోయి, అక్కడి క్రైస్తవ వర్తకులు ఈ రేవుకు వచ్చాక ఫమగుస్తాకు అదృష్టం పట్టింది. డబ్బున్న ప్రతివాడూ చర్చి కట్టించేవాడే. ఏడాదికి సరిపడా 365 చర్చిలని ఇక్కడివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. గొప్పలు పోయే లెక్కే గానీ ఒట్టి అబద్ధమూ కాదు. అందులో పెద్దది సెయింట్ నికొలస్ కెథెడ్రల్. లుసిన్యాన్ వంశపు రాజులు నికోసియాలో సైప్రస్ కిరీటం పెట్టుకుని, ఇక్కడికొచ్చి జెరూసలేం కిరీటం పెట్టుకునేవారు. జెరూసలేం చేజారి ఎంతో కాలమైంది. అయినా కిరీటం మాత్రం పెట్టుకునేవారు. మనుషుల్లో నాకు నచ్చే పిచ్చి ఇదొక్కటే.

1489లో వెనిస్‌వాళ్లు వచ్చారు. లుసిన్యాన్ రాజుల మేడకు కొత్త ముఖం కట్టాలని, మా నలుగురిని సలామిస్ నుంచి లాక్కొచ్చి మూడు కమానుల మధ్య నిలబెట్టారు. నడిమి కమాను పైన జియోవన్ని రెనియే వంశచిహ్నం ఉంది, 1552లో ఆయన ఇక్కడి కెప్టెన్. మమ్మల్ని మోసుకొచ్చినవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. రేవు దగ్గరి కోటను వీళ్లే బలపరిచారు. దాని గుమ్మం మీద రెక్కల సింహం, 1492 అనే సంవత్సరం చెక్కి ఉన్నాయి. షేక్‌స్పియర్ పుణ్యమా అని దాన్ని ఇప్పుడు ఒథెల్లో బురుజంటున్నారు. ఊరి చుట్టూ ఇంచుమించు మూడున్నర కిలోమీటర్ల గోడ పెంచారు.

ఆ గోడ కూడా ఆపలేకపోయింది. 1570 సెప్టెంబరు నుంచి 1571 ఆగస్టు దాకా ఒట్టోమన్ ఫిరంగి గుండ్లు కురిశాయి. సంధి కుదిరాక, దాన్ని మీరి, వెనిస్ సేనాని బ్రగదీను చర్మాన్ని బతికుండగానే ఒలిచారు, ఈ చౌకులోనే, ఒక స్తంభానికి కట్టి అంటారు. యాత్రికులు ఆ స్తంభం ఏదని అడిగితే గైడు ఒకరోజు ఇటు చూపిస్తాడు, ఒకరోజు అటు. నేను నోరు విప్పను.

కెథెడ్రల్‌కు మినారు మొలిచింది, లోపలి బొమ్మలు పోయాయి, గోడలకు సున్నం పూశారు. దాన్ని ధ్వంసం అన్నవాళ్లున్నారు. నేనలా అనను. రోజూ అయిదు పూటలా మనుషులు వచ్చే కట్టడానికి కప్పు ఊడిపోదు. 1954లో దానికి లాలా ముస్తఫా పాషా మసీదని పేరు పెట్టారు. దాని ముంగిట మన మేడిచెట్టుకు చుట్టమైన సికమూర్ చెట్టు ఉంది, కెథెడ్రల్ మొదలైన రోజుల్లో నాటారని చెబుతారు. అది ఇంకా కాస్తోంది. సెయింట్ పీటర్, సెయింట్ పాల్ చర్చి మసీదై, తర్వాత గోధుమల గిడ్డంగై, గోధుమ మసీదని పేరు తెచ్చుకుంది. గింజలు తడవకూడదని చూరు చూసుకున్నారు, అందుకే నిలిచింది. గ్రీకుల సెయింట్ జార్జ్ కెథెడ్రల్ ఎవరికీ దేనికీ అక్కర్లేకపోయింది. కప్పు లేదు. ముట్టడినాటి గుండ్ల గుంటలు గోడలోకి అరచేయి పట్టేంత లోతున ఇప్పటికీ ఉన్నాయి. ఆ గుంటల్లో దుమ్ము చేరి, కేపర్ మొక్క మొలిచి, వేరు సందుల్లోకి దూరి, మెత్తటి పసుపు రాయిని పొడిపొడిగా రాలుస్తుంది. ఫిరంగి చేయలేనిది ఆ మొక్క చేస్తోంది.

అన్నిటికన్నా నన్ను మండించింది పంతొమ్మిదో శతాబ్దం. సూయెజ్ కాలువ, పోర్ట్ సయీద్ కట్టేవాళ్లకు రాళ్లు కావలసి వచ్చాయి. ఈ ఊళ్లో చెక్కి పెట్టిన రాళ్లు కుప్పలుగా పడున్నాయి, రేవు పక్కనే, పైగా అడిగేవాడు లేడు. గోడ దించి, పడవకెక్కించి, అమ్ముకున్నారు. సలామిస్‌ను మేసిన ఊరిని ఈజిప్టు మేసింది. నేను గ్రానైట్‌ని, బరువెక్కువ, వదిలేశారు. అంతకుమించి నా గొప్పేమీ లేదు.

1873 నుంచి 1876 దాకా నా వెనక ఒక గదిలో నమిక్ కెమాల్ అనే కవి ఖైదీగా ఉన్నాడు. దేశభక్తి నాటకం రాసినందుకు ఇస్తాంబుల్ నుంచి పంపారు. ఇప్పుడీ చౌకు పేరు అతనిదే. బంధించిన రాజ్యం పోయింది, పేరు మిగిలింది. 1896లో కమీల్ ఆన్లార్ అనే ఫ్రెంచి పండితుడు వచ్చి శిథిలాలన్నిటినీ కొలిచి రాసుకున్నాడు. మమ్మల్ని అమ్మకానికి కాక కొలిచినవాళ్లు అరుదు.

1571 తర్వాత క్రైస్తవులను గోడల లోపల ఉండనివ్వలేదు. వాళ్లు దక్షిణాన వరోషా కట్టుకున్నారు. 1974లో తుర్కీ సైన్యం వచ్చాక ఆ వరోషా కూడా ఖాళీ అయింది, సలామిస్ తవ్వకాలూ ఆగాయి. 2008లో, మళ్లీ 2010లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ మమ్మల్ని ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో వేసింది. గ్రీకు, తుర్కీ సైప్రియట్లు కలిసి కూర్చున్న కమిటీ ఒథెల్లో బురుజును బాగుచేయించి 2015లో తలుపులు తెరిపించింది. సంతోషం. అయితే సెయింట్ జార్జ్ గోడ మీది ఆ కేపర్ మొక్కను కూడా చలికాలం వానలు మొదలయ్యేలోగా ఎవరైనా పీకించాలి. నిచ్చెన వేసి ఎక్కేవాడు ఒక్కడు చాలు, దానికి కమిటీ కూడా అక్కర్లేదు.