గడ్డి కోసే మిషన్ మనవి

నేను గడ్డి కోసే మిషన్‌ని. ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన ఉన్ని బట్టల మీది నూగు కత్తిరించే మిల్లు యంత్రాన్ని చూసి 1830లో మా వంశానికి ప్రాణం పోశాడు. అంతకుముందు స్కాట్లండు తీరంలోని గోల్ఫ్ మైదానాల్లో గడ్డిని పొట్టిగా ఉంచే పని గొర్రెలదే. నా బతుకు హైదరాబాదులోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ కాలనీ పార్కుల్లో గడుస్తోంది. గోల్ఫ్ చూడాలంటే ఇక్కడివాళ్లు గోల్కొండ నయా ఖిల్లా లాంటి చోటికి పోవాలి. అయినా ఆ ఆట మైదానాలు చలికాలంలో నేర్చుకున్న పాఠాలు మా పార్కులకూ పనికొస్తాయి. ఎందుకంటే వెచ్చటి దేశాల్లో గోల్ఫ్ కోసం పెంచే బెర్ముడా గడ్డి, వినాయకుడికి మీరు సమర్పించే గరిక ఒకే జాతివి. నేను చెప్పదలచింది ఒక్కటే: చలికాలంలో నన్ను తక్కువగా తిప్పండి, తిప్పినా బ్లేడు కాస్త పైకెత్తి తిప్పండి.

గరికకు వేడి కావాలి, ఎండ కావాలి. హైదరాబాదు డిసెంబరులో మధ్యాహ్నం 28 డిగ్రీలున్నా రాత్రి 15కో, అంతకన్నా కిందికో దిగుతుంది. అందుకే ఇక్కడి గరిక చలిదేశాల్లోలా పూర్తిగా నిద్రపోదు, పెరుగుదల మాత్రం బాగా మందగిస్తుంది. వానాకాలంలో కోసిన ఆకు రోజుల్లో తిరిగొస్తుంది. చలిలో అదే ఆకు కోసం వేళ్లలో, పాకే కాడల్లో దాచుకున్న ఆహారాన్ని తోడుకోవాలి. ఒక్కసారికి ఆకులో మూడోవంతు మించి కోయకూడదన్న నియమం ఏడాది పొడుగునా మంచిదే, ఇప్పుడు మరీ ముఖ్యం. పైగా సూర్యుడు దక్షిణానికి వాలినప్పుడు అపార్ట్‌మెంట్ల నీడలు ఉత్తరాన ఉన్న పార్కుల మీద పొడుగ్గా పడతాయి. నీడపడ్డ గరికను బోడిగా గొరిగితే మిగిలేది మట్టే. నా బ్లేడు మొద్దుబారితే ఆకు తెగదు, చిరుగుతుంది. ఆ గాయాల్లోంచి బూజుతెగుళ్లు దిగుతాయి. కాబట్టి పదును పెట్టించండి, మంచు ఆరాకే నన్ను బయటికి తీయండి.

గడ్డి పెరిగితే పార్కు పాడుబడినట్టుంటుంది, పురుగూపుట్రా చేరతాయి అంటారు. నేను అడిగేది మరో అర అంగుళం ఎత్తే, అందులో పాము దాగదు. గోల్ఫ్ గ్రీన్‌ను కొన్ని మిల్లీమీటర్లకు కోసేది బంతి దొర్లడానికి. పిల్లలు పరుగెత్తే చోట ఆ అవసరం లేదు. మరి చలికి తగ్గే పచ్చదనం? అమెరికాలో ఆగస్టా గోల్ఫ్ మైదానం వాళ్లు అందుకోసం శరదృతువులో రై గడ్డి విత్తనం చల్లుతారు. అది వసంతంలో అసలు గడ్డితో పోటీపడుతుంది, నీళ్లూ తాగుతుంది. నవంబరు దాటితే మాకు వాన అరుదు, బోరునీళ్లు అంతకు పోయడం న్యాయం కాదు. సాయంత్రం తడిపితే ఆ తడి తెల్లవారుజామున పడే మంచుతో కలిసి తెగులును పిలుస్తుంది, నీళ్లు పొద్దున్నే పెట్టండి. పక్కనే వనస్థలిపురంలో 1975లో ఏర్పడిన హరిణ వనస్థలి చూడండి. అక్కడి గడ్డి తడి ఆరేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది, కృష్ణజింకలు మేస్తూనే ఉంటాయి, తొలకరికి మళ్లీ పచ్చబడుతుంది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా. అప్పటిదాకా నా బ్లేడు ఎత్తు తగ్గించకండి.