మా అరుగు మీది పోస్టాఫీసు

మొన్న మా మనవరాలు బెంగళూరు నుంచి కళ్లజోడు పంపింది. పొద్దుటినుంచీ వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఒక్క పురుగు రాలేదు. సాయంత్రం మా కోడలి ఫోనులో ‘అందజేశాం’ అని కబురొచ్చింది, కింద ఒక ఫొటో కూడా. తీరా చూస్తే, నాలుగిళ్ల అవతల తాళం వేసున్న గేటు మీంచి లోపలికి పారేసి పోయారు. ఒక అద్దం బీట వేసింది. పోతే పోయింది. కానీ ‘అందజేశాం’ అని రాయడానికి వాళ్లకి చెయ్యెలా వచ్చిందో నాకు అంతుపట్టడం లేదు.

నాకు తొంభై అయిదేళ్లు. పోస్టాఫీసులో పుట్టాను, పోస్టాఫీసులోనే నౌకరీ చేసి రిటైరయ్యాను. అందజేయడం అంటే ఏమిటో కాస్త తెలిసినవాణ్ణే.

మాది పిఠాపురానికి ఆరు మైళ్ల దూరంలో చిన్న ఊరు. నాన్నగారు ఎలిమెంటరీ బడి మేష్టారు. బ్రాంచి పోస్టాఫీసులను ఆ రోజుల్లో చాలా ఊళ్లలో బడిపంతుళ్లకే కట్టబెట్టేవారు. ఇల్లు నాన్నగారిది, బల్ల నాన్నగారిది, లాంతర్లో కిరసనాయిలు నాన్నగారిది. తెల్లవాళ్ల సర్కారు ఇచ్చింది ఒక ఇనప్పెట్టె, తులాల రాళ్లున్న చిన్న త్రాసు, తేదీ ముద్ర, లక్క, నెలకి కాస్తంత భత్యం. మా వీధి అరుగే కచేరీ. రోజూ సాయంత్రం లెక్క కట్టినప్పుడు అణా తక్కువ వస్తే అమ్మ పోపులడబ్బాలోంచి అణా వచ్చేది. ఎక్కువ వస్తే మాత్రం నాన్నగారికి ఆ రాత్రి నిద్ర ఉండేది కాదు. ఎవరికో చిల్లర తక్కువిచ్చానని లాంతరు పట్టుకుని ఊరి మీద పడేవారు.

ఈ సంగతి చెబితే మా ఇంట్లో పిల్లలు ‘అణాకా!’ అంటారు. అణా అంటే నాలుగు కాణీలు. కూలివాడి ఇంట్లో ఒక పూట.

కార్డుని మా ఊళ్లో ‘కాణీ కార్డు’ అనేవారు. ఆ పేరు నేను పుట్టకముందే అబద్ధమైపోయింది. 1879లో కార్డు పుట్టినప్పుడు దాని ఖరీదు కాణీయే. మొదటి యుద్ధం అయ్యాక ఖర్చులు పెరిగాయని 1922లో దాన్ని అర్ధణా చేశారు, కవరుని అర్ధణా నుంచి అణాకి తీసుకెళ్లారు. ధాన్యం ధర పడిపోయి రైతు మునిగిపోయిన 1931లో, జనం చేతిలో కాణీ ఆడని ఆ ఏడాదే, కార్డుని మూడు కాణీలు చేశారు, కవరు మీద ఇంకో కాణీ వేశారు. సర్కారు నౌకర్ల జీతాల్లో నూటికి పది కోసింది కూడా అప్పుడే. ఆ కోత గురించి నాన్నగారు ముసలితనంలో కూడా మండిపడేవారు. అంత దూరాన కూర్చుని పేదవాడి కార్డు మీద చెయ్యి వేసిన ఆ దొరతనాన్ని నేను ఒక్క మాట కూడా వెనకేసుకురాను. ఉత్తరాలు విప్పి చూసే అధికారం కూడా 1898 నాటి చట్టంలోనే రాసి పెట్టుకున్నారు. నేను చెప్పేది ఆ దొరల గొప్ప కాదు, సంచి మోసినవాళ్ల సంగతి.

మా సంచి మోసింది రన్నరు. మేము తాతా అని పిలిచేవాళ్లం. ఆయన చేతికి రాకముందు సంచి రైల్లో వచ్చేది. రైల్లో టపా డబ్బా ఒకటుండేది. అందులో సార్టర్లు రాత్రంతా నిలబడి, బండి ఊగుతుంటే ఉత్తరాలు విడగొట్టి గూళ్లలో వేసేవారు. పిన్ కోడు 1972లో గాని రాలేదు. ‘కొత్తపల్లి, రామయ్య గారికి’ అని రాస్తే ఏ కొత్తపల్లో, ఏ పోస్టాఫీసు మీదుగా పోవాలో ఆ సార్టరు బుర్రలో ఉండాలి. కాకినాడని కోకనాడ అనీ, విజయవాడని బెజవాడ అనీ ఇంగ్లీషులో రాసినా, తెలుగులో గొలుసుకట్టుగా గిలికినా, పోల్చుకోవాలి. మా ఊరి సంచి పిఠాపురంలో దిగేది. అక్కడినుంచి ఆరు మైళ్లు తాత కాళ్ల మీద.

చేతిలో ఈటె, దానికి గజ్జెలు. పొలాల గట్టు మీద ఉండగానే గజ్జెల చప్పుడు వినిపించేది. ఆ చప్పుడికి మా అమ్మ పొయ్యి మీద చారు దింపేది. వానాకాలం ఏరు పొంగితే సంచిని నెత్తికెత్తుకుని పీకలోతు నీళ్లలో దాటేవాడు. వచ్చి అరుగు మీద సంచి దించి, లక్క సీలు ముందు నాన్నగారికి చూపించేవాడు. ‘సీలు సరిగ్గా ఉంది మేష్టారూ’ అన్నాకే మంచినీళ్లు తాగేవాడు. ఒకసారి ఒళ్లు కాలిపోతున్న జ్వరంతో వచ్చాడు. అప్పట్లో పోస్టాఫీసులో క్వినైను పొట్లాలు కూడా అమ్మేవారు. నాన్నగారు తన డబ్బులతో పొట్లం కొని వేయించి, మా ఇంట్లోనే పడుకోబెట్టారు. తెల్లారి లేచి తాత మొదట అడిగింది తిరుగు సంచి కట్టారా అని.

1937 చివర్లో కొత్త రాజు బొమ్మతో కొత్త స్టాంపులు వచ్చాయి. ఈ దేశంలో టపా ఎలా నడుస్తుందో ఆ స్టాంపుల్లో బొమ్మలు వేశారు. ఎద్దుబండి, టాంగా, ఒంటె, రైలు, స్టీమరు, లారీ, విమానం. రెండణాల స్టాంపు మీద రన్నరు. ఒక రిజిస్టరు కవరు మీద ఆ స్టాంపు వస్తే నాన్నగారు తాతని పిలిచి చూపించారు. నాకప్పుడు ఏడేళ్లు. తాత కవరుని రెండు చేతులతో పట్టుకుని వెలుగులోకి వెళ్లి చాలాసేపు చూశాడు. ‘రాజుగారి పక్కన నన్నేశారా బాబూ’ అన్నాడు. అరచేతి చెమట కవరుకి అంటుతుందని వెంటనే వెనక్కిచ్చేశాడు.

విమానం సంగతి కూడా చెప్పాలి. 1929లో లండన్ నుంచి కరాచీకి విమానం టపా మొదలైంది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా చిన్న విమానంలో కరాచీ నుంచి బొంబాయికి ఉత్తరాలు తెచ్చారు. అక్కడినుంచి నెవిల్ విన్సెంట్ బళ్ళారిలో దిగి మద్రాసు చేర్చాడు. గొప్ప పనే. కానీ ఆ సంచీలోంచి మా ఊరి ఉత్తరం వస్తే మద్రాసులో రైలెక్కాలి, పిఠాపురంలో దిగాలి, ఆఖరి ఆరు మైళ్లు తాతే మోయాలి. ఇప్పటివాళ్లు ఎంతసేపూ విమానం వేగం గురించే మాట్లాడతారు. ఆఖరి ఆరు మైళ్ల గురించి అడిగేవాడు లేడు. నా కళ్లజోడు విమానంలోనే వచ్చి ఉంటుంది, నాలుగిళ్ల దూరంలో పోయింది.

ఊళ్లో చదువొచ్చినవాళ్లు నూటికి పదిమంది ఉంటే ఎక్కువ. ఉత్తరం చేతికిస్తే సరిపోదు, చదివి వినిపించాలి, జవాబు రాసి పెట్టాలి. అరుగు మీద పదిమంది ఉంటే నాన్నగారు ఆ మనిషిని పెరట్లోకి, పశువులపాక పక్కకి తీసుకెళ్లి, గొంతు తగ్గించి చదివేవారు. నేను చెవి ఒగ్గితే వీపు మీద దెబ్బ పడేది. కార్డు మీద ఏముందో ఊరంతా చదవొచ్చు, మూత లేనిది కదా. అయినా నాన్నగారి దగ్గర ఉన్నంతసేపూ దానికి మూత ఉండేది. ఈరోజు మనం ఏ మందు కొన్నామో, ఎవరికెంత పంపామో ఎవరెవరి చేతుల్లోనో తిరుగుతోంది, మనమే దానికి ‘సరే’ అని నొక్కుతున్నాం.

మా ప్రాంతానికి పోస్టాఫీసంటే ముఖ్యంగా రంగం మనియార్డరు. రంగూన్ని మేము రంగం అనేవాళ్లం. గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి వేలమంది కాకినాడలోనో విశాఖలోనో స్టీమరెక్కి బర్మా పోయేవారు, రేవులో మూటలు మోయడానికి, బియ్యం మిల్లుల్లో పనికి. నేను పుట్టిన 1930లోనే, మే నెలాఖర్న, రంగం రేవులో తెలుగు కూలీలకీ బర్మావాళ్లకీ కొట్లాట జరిగి చాలామంది చచ్చిపోయారు. ఆ రోజుల్లో మా అరుగు మీద కాలు పెట్టడానికి చోటుండేది కాదని అమ్మ చెప్పేది. ఎవరూ మాట్లాడేవారు కాదట, గట్టు వైపు చూస్తూ కూర్చునేవారట. 1937లో బర్మాని ఇండియా నుంచి విడదీసినా మావాళ్లు పోవడం మానలేదు, డబ్బు రావడమూ ఆగలేదు.

మనియార్డరు ఇవ్వడం ఒక తంతు. పుచ్చుకునే మనిషే రావాలి. వేలిముద్ర వేయించి, సాక్షి సంతకం పెట్టించి, రూపాయిలు ఒక్కొక్కటే బల్ల మీద మోగించి చేతిలో పెట్టేవారు. మంచం పట్టిన వాళ్లుంటే నాన్నగారే ఇంటికి వెళ్లేవారు. ‘మా అన్న చేతికిచ్చెయ్యండి మేష్టారూ’ అంటే ససేమిరా ఒప్పుకునేవారు కాదు. ఇప్పుడు కొడుకు పంపిన డబ్బు నిమిషంలో ఖాతాలో పడుతోంది. అది మంచిదే, కాదనను. కానీ ఖాతా ఎవరి చేతిలో ఉందో, ముసలమ్మకి ఆ డబ్బు అందిందో లేదో చూసే మనిషే లేడు. తంతి 2013లో తీసేశారు. రిజిస్టరు పోస్టుని 2025 సెప్టెంబరులో స్పీడు పోస్టులో కలిపేశారు. ఆ కబురు పేపర్లో చదివిన రోజు నేను అన్నం తినలేదు.

ఆ రంగం రోజుల్లో మా వీధి చివర ఒక ముసలమ్మ ఉండేది. ఒక్కడే కొడుకు, రంగం రేవులో కూలి. రెండు మూడు నెలలకోసారి పది రూపాయలు వచ్చేవి. మనియార్డరు ఫారానికి చివర చిన్న ముక్క ఉండేది, పంపినవాడు రెండు మాటలు రాసుకోవడానికి. డబ్బు ఖర్చయ్యేది గాని ఆ ముక్కలన్నీ ఆమె కొంగు చివర ముడివేసుకుని దాచేది. 1941 డిసెంబరులో రంగం మీద జపానువాళ్లు బాంబులు వేశారు. మనియార్డర్లు ఆగిపోయాయి. గజ్జెల చప్పుడు వినగానే ఆమె వచ్చి అరుగు కింద నిలబడేది.

‘రంగం సొమ్మొచ్చిందా బాబూ?’

‘ఇంకా రాలేదమ్మా. వస్తే నేనే కబురు చేస్తాను.’

ఆమె కదిలేది కాదు. కొంగు ముడి విప్పి, అన్నిటికంటే పైనున్న ముక్క తీసి బల్ల మీద పెట్టేది. నాన్నగారు కళ్లజోడు సర్దుకుని, ఆ రోజే వచ్చిన ఉత్తరంలా దాన్ని మొదటినుంచీ చదివేవారు. ‘అమ్మకి దండాలు. పది రూపాయలు పంపాను. చెయ్యి నొప్పి తగ్గిందా. మేకని అమ్మకు.’ చదవడం అయ్యాక ముక్కని మడత పెట్టి మళ్లీ ఆమె చేతిలోనే పెట్టేవారు. వెనక నిలబడ్డవాళ్లు తమ ఉత్తరాల కోసం అప్పటిదాకా ఆగేవారు.