పదహారు బై ఇరవై

టెక్సస్ శాసనసభ్యులకు దైవభక్తి ఎంతుందో టేపు పెట్టి కొలవొచ్చు. వెడల్పు 16 అంగుళాలు, ఎత్తు 20. మోషే పది ఆజ్ఞలు ఈ సైజుకు తగ్గకుండా ప్రతి ప్రభుత్వ బడిలో, ప్రతి తరగతి గదిలో గోడకెక్కాలని 2025లో చట్టం చేశారు. మామూలు చూపున్న మనిషికి గదిలో ఏ మూల నుంచైనా అక్షరాలు కనపడాలట. వెనకబెంచీ వాడికి కూడా మినహాయింపు లేదు. పటానికి బడి పైసా ఖర్చు పెట్టనక్కర్లేదు గానీ, దాత తెచ్చిస్తే మాత్రం వద్దనడానికి వీల్లేదు.

ఇది మతం కాదు, చరిత్ర అంటున్నారు. చరిత్రే కావాలంటే దగ్గర్లోనే ఉంది. సరిగ్గా ఇదే సైజు పటాలు, ఇలాగే దాతల డబ్బుతో కెంటకీ బడుల్లో పెడితే, 1980లో సుప్రీంకోర్టు కుదరదు పొమ్మంది. ఓడిన కొలతనే ఇప్పుడు మళ్లీ దించుకున్నారు. అంగుళం మారలేదు, జడ్జీలు మారారు. ఆట అయ్యాక మైదానం మధ్యలో ప్రార్థనకు మోకరిల్లిన బ్రెమర్టన్ బడి ఫుట్‌బాల్ కోచ్‌ను 2022లో అదే కోర్టు గెలిపించినప్పటి నుంచి ఇలాంటి చట్టాలు చేసేవాళ్లందరికీ ధైర్యం వచ్చింది.

విశ్రాంతి దినాన్ని పాటించమన్నది ఆ పదింటిలో ఒకటి. బిల్లు దిగువ సభకు వచ్చింది శనివారం, తుది ఓటు పడింది ఆదివారం. యూదుల సబ్బాతూ క్రైస్తవుల సబ్బాతూ ఒకే వారాంతంలో చెల్లిపోయాయి. మరో రోజు పెట్టుకుందామని దైవశాస్త్ర విద్యార్థి కూడా అయిన జేమ్స్ టలారికో అనే సభ్యుడు అడిగి చూశాడు. వినలేదు.

ఇక మనవాళ్ల సంగతి. హ్యూస్టన్ పక్కన షుగర్‌ల్యాండ్‌లో చినజీయర్ స్వామి చలవతో 2024 నుంచి 90 అడుగుల హనుమంతుడు నిలబడి ఉన్నాడు. ఆదివారం ఆయనకు దండం పెట్టొచ్చిన పిల్ల, విగ్రహాలు వద్దనే గోడ కింద సోమవారం కూర్చుని ఎక్కాలు అప్పజెప్పాలి. గోడ మీద చదివి వ్యభిచారం అంటే ఏంటి టీచర్ అని ఒకటో తరగతి వాడు అడిగితే జవాబేమిటో చట్టంలో లేదు. పొరుగువాడి పనిమనిషి మీద ఆశ పడొద్దని కూడా ఆ ఆజ్ఞల్లో ఉంది. డాలస్‌లో పొరుగింటికి పనిమనిషి వస్తుంటే ఆశపడని తెలుగిల్లు ఏదో చూపించండి!

(ఇండియాలో మన బడుల్లో సరస్వతీదేవి పటం సైజు ఎవరూ అడగరు కదా అంటారేమో. అడగరు. ఆ గొడవ మనకెందుకని నేనూ ఊరుకుంటాను, మీరూ ఊరుకుంటారు.)

టెక్సస్‌లో కోర్టుకెక్కిన కుటుంబాల్లో యూదులు, హిందువులతో పాటు క్రైస్తవులూ ఉన్నారు. తమ దేవుణ్ణి గోడకు కొట్టే పని సర్కారుకు అప్పగించడం వాళ్లకూ నచ్చలేదు. లూసియానాలోనూ ఇలాంటి చట్టమే ఉంది. నచ్చని తల్లిదండ్రులు ఏం చేయాలంటే, అటు చూడొద్దని పిల్లలకు చెప్పుకోండి అన్నాడు అక్కడి గవర్నర్ జెఫ్ లాండ్రీ. ఒకచోట ఏ మూల నుంచైనా కనపడాలి, ఇంకోచోట చూడకూడదు. మన పిల్లల్లో సగం మందికి ఎలాగూ కళ్లద్దాలే. బడికి రాగానే తీసి జేబులో పెట్టుకుంటే రెండు రాష్ట్రాల మాటా నిలబడుతుంది.