చేదంతా మందే అనుకున్నాను

నలభై దాటాక మనలో చాలామందికి ఒంటి మీద కొత్తగా ప్రేమ పుడుతుంది. నాకూ పుట్టింది. షుగరు వస్తుందేమో, పొట్ట పెరుగుతుందేమో అని భయం. దానికి తోడు, ప్రకృతి వైద్యం గురించి నలుగురిలో మాట్లాడి మెప్పు పొందాలన్న ఆశ. భయం ఒక్కటే అయితే డాక్టరు దగ్గరికి పోయేవాణ్ని. ఆశ కూడా ఉండబట్టి ఫోను ముందేసుకుని వీడియోలు చూశాను. పరగడుపున పచ్చి సొరకాయ రసం తాగితే రోగమన్నది దరిచేరదని ఎవరో చెబితే విన్ననాడే నమ్మేశాను. తెల్లారి నుంచే కనబడ్డవాళ్లందరికీ చెప్పడం మొదలుపెట్టాను.

నేర్చుకోవలసిందంతా మా ఇంట్లోనే ఉండె. నేను పుట్టింది జనగామ వైపు, ఉద్యోగం మహబూబాబాద్‌లో, అత్తగారి ఊరు భూపాలపల్లి అడవి అంచున. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చేదాకా ఈ మూడూ వరంగల్ జిల్లాలోవే. ఎండాకాలమంతా మా అమ్మ జొన్న అంబలి కాస్తుంది. జూన్ మొదట్లో మిరుగు (మృగశిర కార్తె) రాగానే ఇంగువ కలిపిన బెల్లం ఉండ చేతిలో పెడుతుంది, ఆనాడు చేపల కూర తప్పదు. వినాయక చవితికి తుమ్మికూర, సంక్రాంతికి నువ్వులు వేసిన సకినాలు. అత్తగారింటికి పోతే మోదుగులు పూసే రోజుల్లో ఇప్పపువ్వు, ఎండలు ముదిరితే తునికిపండ్లు, మొర్రిపండ్లు. మహబూబాబాద్ కల్లాల్లో మిర్చి ఎండబోసిన రోజుల్లో ఆ ఘాటుకు గొంతు గరగరమంటే రాత్రికి మిరియాల చారు. వీటిని మా ఇంట్లో ఎవరూ వైద్యం అనలేదు. కాలం వస్తే వచ్చేవి, కాలం దాటితే పోయేవి. దేనికైనా ఒక కొలత ఉండేది. ఉగాది పచ్చడిలో వేపపువ్వు చిటికెడే వేస్తారు గానీ గ్లాసెడు పోయరు కదా! ఆ చిటికెడు విలువ నాకు అప్పుడు తెలియలేదు.

ఆ యేడు ఎండలు నిప్పులు కురిశాయి. బోరు ఎండిపోయి పెరట్లో సొరపాదుకు నీళ్లు సరిగా అందలేదు. అయినా ఒక కాయ కాసింది. మా అమ్మ అలవాటు ప్రకారం చిన్న ముక్క కోసి నాలుక మీద పెట్టుకుంది, వెంటనే ఉమ్మేసింది. “చేదున్నది బిడ్డా. ఆనిగెపుకాయ చేదుంటె ముట్టద్దు, పారెయ్యి” అన్నది. “నీకు తెల్వదే అమ్మా. కాకరకాయ తింటలేమా, చేదే ఒంటికి మంచిది” అన్నాను. మా ఆవిడా వద్దంది. ఇద్దరూ వద్దనేసరికి నా పంతం ఆకాశానికెక్కింది. మిక్సీలో వేశాను, వడగట్టాను, పెద్ద గ్లాసు నిండా పోశాను, మొదటి గుక్కకే నాలుక మొద్దుబారింది, అయినా వాళ్లిద్దరూ చూస్తున్నారని రెండో గుక్క, ఇప్పుడు ఆపితే ఓడిపోయినట్టేనని మూడోది, అట్లా అడుగుదాకా తాగేశాను. గంట తిరగలేదు. కడుపులో మెలిపెట్టింది, వాంతి, మళ్లీ వాంతి, విరేచనాలు, ఒళ్లంతా చెమట, కళ్ల ముందు చీకటి. వాంతిలో ఎర్రటి చార చూసి మా ఆవిడ కేక పెట్టింది. పక్కింటివాళ్లు ఆటో తెచ్చారు. దారి పొడవునా మా అమ్మ నా తల ఒళ్లో పెట్టుకుని సమ్మక్క సారలమ్మలకు మొక్కుతూనే ఉంది.

ఇంతకన్నా సిగ్గుపడే సంగతి దవాఖానాలో జరిగింది. ఏం తిన్నావని డాక్టరు అడిగితే “బయట టిఫిను సార్” అన్నాను. ప్రాణం పోతున్నా పరువు వదలలేదు. మా అమ్మ ఊకోలేదు, కాయ సంగతంతా చెప్పేసింది. ఆమె నోరు విప్పకపోతే వాళ్లు నా రోగాన్ని ఇంకెక్కడో వెతికేవాళ్లు.

సొర, దోస, బీర, గుమ్మడి వంటి కాయల్లో కుకుర్బిటాసిన్లనే చేదు పదార్థాలుంటాయి. మామూలు కాయలో అవి చాలా తక్కువ. ఎండ ఎక్కువై నీళ్లు తక్కువైనప్పుడు పెరగవచ్చు. అప్పుడు ఆ రసం కడుపులోని పొరను గాయపరుస్తుంది, రక్తం కక్కిస్తుంది, బీపీ పడగొడుతుంది. ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. దీనికంటూ విరుగుడు మందు లేదు. సెలైన్ ఎక్కించి మనిషిని నిలబెట్టడమే చికిత్స. భారత వైద్య పరిశోధన మండలి నిపుణులు దీన్ని పరిశీలించి చెప్పిన మొదటి జాగ్రత్త ఏమిటో తెలుసా? రసం తీసే ముందు చిన్న ముక్క రుచి చూడండి, చేదుంటే పారెయ్యండి. మా అమ్మ చేసింది అచ్చంగా అదే.

కాకర పుట్టుకతోనే చేదు. సొరకాయ చేదెక్కిందంటే అది హెచ్చరిక. ఈ తేడా అమ్మ నాలుకకు తెలుసు. ప్రకృతిలో దొరికేదంతా మంచిదే, ఎక్కువ తాగితే ఎక్కువ మంచిదన్న భ్రమ నా ఒక్కడిదే అనుకోను. తిప్పతీగ కషాయం, కలబంద గుజ్జు, మెంతి నీళ్లు అంటూ మనమంతా ఏదో ఒకదాని వెంట పడ్డవాళ్లమే. అందుకే దాచకుండా చెబుతున్నాను.

ఇప్పుడు ఏ ఆకు, ఏ పసరు గురించి విన్నా ముందు అమ్మను అడుగుతాను. ఎందుకు తినాలో ఆమె చెప్పలేకపోవచ్చు గానీ ఎప్పుడు తినాలో, ఎంత తినాలో తడుముకోకుండా చెబుతుంది. ఆమెకూ తెలియనిదైతే డాక్టరును అడుగుతాను, ఆయన ఏం తిన్నావంటే ఉన్నదున్నట్టు చెబుతాను. మీ ఇంట్లోనూ కాయ కోసి రుచి చూసే చెయ్యి ఒకటి ఉంటుంది. ఆ మనిషి వద్దంటే గ్లాసు కింద పెట్టండి.