నల్ల ట్యాగు కట్టని ప్రమాదాలు

ప్రమాదాలన్నీ మాక్ డ్రిల్లులంత మర్యాదగా జరిగితే మనకు చావులే ఉండవు. డ్రిల్లులైతే ముందురోజే పేపర్లో చెప్పి, పొద్దున పదకొండింటికి మొదలవుతాయి. షామియానా కింద పెద్దలు కుదురుగా కూర్చున్నాక గానీ గ్యాసు లీకవదు. సైరన్ ఠంచనుగా మోగుతుంది. ఎర్రసిరా పూసుకున్న ఎన్‌సీసీ పిల్లలు వరసగా పడుకుని, స్ట్రెచర్ మీంచి కెమెరాకేసి చూస్తారు. మర్నాడు ‘డ్రిల్ విజయవంతం’.

ప్రమాదకర రసాయనాల మీద 1989లో వచ్చిన నిబంధనలు ఫ్యాక్టరీ లోపల ఆర్నెల్లకోసారి, బయట ఏడాదికోసారి ఈ సాధన చేయమన్నాయి. చేశామని రిజిస్టరు చెబుతుంది. రిజిస్టరుకు ఎప్పుడూ గాయాలు కావు.

ఇందులో అసలు పరీక్ష ట్రయాజ్. గాయపడినవాళ్లు వందల్లో, డాక్టర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది ఉన్నప్పుడు ఎవర్ని ముందు చూడాలో, ఎవర్ని వదిలేయాలో తేల్చడం. 1983లో కాలిఫోర్నియాలో న్యూపోర్ట్ బీచ్ అగ్నిమాపక శాఖ, హోగ్ ఆసుపత్రి కలిసి ‘స్టార్ట్’ అనే పద్ధతి తయారుచేశాయి. మనిషికి నిమిషం మించి కేటాయించకూడదు. నడవగలిగితే ఆకుపచ్చ ట్యాగు, పోయి పక్కన కూర్చోవాలి. ఊపిరి నిమిషానికి 30 సార్లు దాటితే ఎరుపు. ఊపిరే లేకపోతే గాలి ఆడేలా తల సరిచేసి చూడాలి. అప్పటికీ ఆడకపోతే నల్ల ట్యాగు కట్టేసి పక్కమనిషి దగ్గరికి పోవాలి. ఆ పోవడానికే సాధన కావాలి. మనవాళ్లేమో అక్కడే ఆగి సీపీఆర్ మొదలెడతారు, ఫొటో బాగా వస్తుందని. ఒక ‘శవం’ గుండె నొక్కడానికి ముగ్గురు పోటీపడుతుంటే, పక్కన ఎర్ర ట్యాగు కుర్రాడు నెత్తురోడుతూ (సిరానే లెండి) ఆవలిస్తుంటాడు. నల్ల ట్యాగుల కట్ట మాత్రం విప్పరు. ముఖ్య అతిథి ముందు అశుభం కదా!

2020 మే 7న విశాఖలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు ఈ మర్యాదలేవీ పాటించలేదు. తెల్లవారుజామున, ఊరంతా నిద్రలో ఉండగా స్టైరిన్ వదిలింది. సైరన్ మోగలేదు. జనం ఇళ్లు వదిలి పరిగెత్తి, ఎక్కడివాళ్లక్కడ కుప్పకూలారు. వరసలో పడాలని ఎవరికీ తోచలేదు. వందలమందిని కేజీహెచ్‌కి, మిగతా ఆసుపత్రులకి చేర్చారు. 12 మంది చనిపోయారు. అలాంటి పూట బండి దొరికినవాడు అంబులెన్సు కోసం ఆగడు, ట్యాగు కోసం అసలే ఆగడు. పిల్లాణ్ని భుజాన వేసుకొచ్చి డాక్టరు చొక్కా పట్టుకునే తండ్రి ఏ డ్రిల్లు స్క్రిప్టులోనూ లేడు. ఆ తండ్రి ఎదుట ట్యాగు రంగు మార్చకుండా నిలబడటం ఏ పవర్‌పాయింటూ నేర్పదు.

అందుకని నాదో మనవి. ఈసారి డ్రిల్లు రాత్రి రెండింటికి, ఎవరికీ చెప్పకుండా పెట్టండి. ముఖ్య అతిథిని కూడా క్షతగాత్రుల్లో కలపండి. కొత్తగా చేరిన నర్సమ్మ వచ్చి అడుగుతుంది: “నడవగలరా సార్?” ఆయన సహజంగానే లేచి నిలబడతారు. మెళ్లో ఆకుపచ్చ ట్యాగు వేసి, ఆ చెట్టు కింద కూర్చోమనండి. ఆయన వంతు వచ్చేదాకా ఎవరూ పలకరించకూడదు, పీఏతో సహా.