రాకెట్టు రావుగారు

మా అపార్ట్‌మెంట్లో తెల్లారుజామున లిఫ్టులోంచి ముందు కిట్ బ్యాగు దిగుతుంది, తర్వాత రావుగారు దిగుతారు. ఆ బ్యాగు చూసినవాళ్లు ఆయన ఏ జకార్తా టోర్నమెంటుకో బయల్దేరారనుకుంటారు. వెళ్లేది మాత్రం సెల్లారు పక్కనున్న సిమెంటు కోర్టుకి.

జిప్పు లాగితే ఆరు రాకెట్లు. అందులో ఒకటి డెన్మార్క్ బ్యాడ్మింటన్ ఆటగాడు ఆక్సెల్సన్ వాడిన రకమట. ఆక్సెల్సన్‌కి రెండు ఒలింపిక్ స్వర్ణాలు. రావుగారికి రెండు పూటలా షుగరు బిళ్ల. ఆ రాకెట్టు కాడ మహా బిరుసు. మణికట్టు విసురుకి అది వంగి తిరిగి కొట్టాలి. రావుగారి విసురుకి దోమ కూడా పక్కకి జరగదు. పాత రాకెట్టు కంటే ఇది అయిదు గ్రాములు తక్కువని ఆయన మురిసిపోతుంటే, "ఆ అయిదు గ్రాములూ పొట్టలో తగ్గించుకుంటే పదిహేను వేలు మిగిలేవిగా" అందిట వాళ్లావిడ.

పైగా గట్టింగు 28 పౌండ్లకి బిగించారు. గట్టింగు ఎంత బిగిస్తే షటిల్ సరిగ్గా పలికే చోటు అంత చిన్నదవుతుంది. మనబోటివాళ్లకి 22, 23 చాలు. ఆ మాటంటే, "ఛాంపియన్లు ఇంతకంటే బిగిస్తారండీ" అంటారు. నిజమే, వాళ్లు నడిమధ్యలో కొడతారు. రావుగారి షటిల్ ఎక్కువగా ఫ్రేముకి తగిలి, పక్క ఫ్లాటువాళ్ల తులసికోటలో పడుతుంది.

ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్లు మనకి కొత్త కాదు. రావుగారు ఆ కోవ కాదు. మద్దెలని పల్లెత్తు మాట అనరు. మర్నాడే కొత్త మద్దెల కొంటారు.

ఒకరోజు లోపం కోర్టులో ఉందని తేల్చారు. సిమెంటు మీద ఆట ఎదగదట. 1980లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన ప్రకాశ్ పదుకోనె బెంగళూరులో ఒక కల్యాణమండపంలో ఆడుతూ పెరిగాడని, పెళ్లిళ్లున్న రోజు ఆట ఉండేది కాదని చెప్పాను. రావుగారు కాసేపు ఆలోచించి, "ఆ మండపంలో ఫ్లోరింగు ఏం వేశారో కనుక్కున్నారా?" అన్నారు. నేను షూ లేసు కట్టుకున్నాను.

ఇక ఆట సంగతి. రాకెట్టుని ఆయన అట్లకాడలా పట్టుకుంటారు. ఎదురుగా వచ్చింది ఎలాగో తిప్పేస్తారు గానీ, ఎడమవైపు వచ్చిందంటే ఒళ్లంతా మెలికలు తిరగాల్సిందే. కాళ్లు కదపరు. కోర్టు మధ్యలో ధ్వజస్తంభంలా నిలబడి, షటిల్ ప్రసాదంలా చేతికే రావాలని చూస్తారు. కదలని ఆ కాళ్లకి గమ్ సోలు బూట్లు మాత్రం రెండు జతలు.

మొన్నాదివారం మూడో అంతస్తు పిన్నిగారు దిగారు. స్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన మనిషి. కొంగు దోపి, మనవడి రాకెట్టు తీసుకున్నారు. అందులో ఒక తీగ తెగితే ముడేసి ఉంది. ఆవిడ పరుగెత్తింది లేదు. ఒకటి వెనక గీత దాకా పంపుతారు, మరొకటి నెట్టు దాటీ దాటకుండా జార్చేస్తారు. ఆ రెంటి మధ్యా రావుగారు పెళ్లివారింట్లో నీళ్ల బిందె మోసేవాడిలా తిరిగారు. 21-6. ఆ ఆరులో నాలుగు పిన్నిగారు కళ్లజోడు తుడుచుకుంటుండగా వచ్చినవి.

రావుగారు రొప్పుతూ వెళ్లి, "మీ రాకెట్టు ఏ కంపెనీదండీ?" అని అడిగారు.

ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, "పేరు చెరిగిపోయింది బాబూ" అన్నారు. తర్వాత జాలేసిందేమో, "ఆ గ్రిప్పు మార్చు నాయనా. దాంతో బ్యాక్‌హ్యాండు జన్మలో రాదు" అని చెప్పారు.

మర్నాడు ఆరింటికల్లా రావుగారు ఆవిడ తలుపు తట్టారు. ఆరు రాకెట్లకీ నారింజరంగు గ్రిప్పులు నిగనిగలాడుతున్నాయి.

"రాత్రే మార్పించేశానండీ పిన్నిగారూ. జపాన్ సరుకు!"