పదకొండో నంబరు ప్రమాద హెచ్చరిక

తుపానొస్తే విశాఖ నుంచి కృష్ణపట్నం దాకా ఓడరేవుల్లో ప్రమాద హెచ్చరికలు ఎగరేస్తారు. మా ఆఫీసులో ఆ శాఖ అటెండరుది. సారు కారు తలుపు ఎంత గట్టిగా వేశారో విని, వరండాలోంచే మాకు వేళ్లు చూపిస్తాడు. ఒక వేలంటే ఎక్కడో సముద్రంలో వాయుగుండం. కలెక్టరేట్ నుంచి ఫోనొచ్చింది గానీ మన తీరం దాకా రాకపోవచ్చు. మూడంటే ఈదురుగాలులు. సెలవు చీటీలు జేబులోనే ఉంచుకోవాలి. రెండు చేతులూ ఎత్తాడా, పది! తుపాను మన సెక్షన్ మీదే తీరం దాటుతుంది. ఆ రోజు ఫైలు పట్టుకుని లోపలికెళ్లేది కొత్తగా చేరిన కుర్రాడే. పాపం, వాడికింకా వేళ్ల లెక్క తెలీదు.

సారువారు విలువలున్న మనిషి. గోడకి సమయపాలన గురించి ఫ్లెక్సీ కట్టించింది ఆయనే, దాన్ని ఆవిష్కరించడానికి పన్నెండింటికి వచ్చిందీ ఆయనే. అంతకుముందున్నాయన కార్తీక సోమవారాలు ఉపవాసముండేవారు. ఆఫీసంతా ఉండేది, వెనక గేటు దగ్గరి ఇడ్లీ బండివాడి ఖాతా పుస్తకంలో తప్ప. ఈయనకి షటిలంటే ప్రాణం. వచ్చిన వారానికే మా సూపరింటెండెంటు మోకాలికి పట్టీతో కుంటుతూ కనిపించాడు.

మధ్యలో ఒకాయన ఎనిమిది నెలలు పనిచేశారు. పదిన్నరకి సీట్లో ఉండేవారు. తప్పు జరిగిందని చెబితే, ‘‘ముందే చెప్పావు, సరిచేద్దాం’’ అనేవారు. వేళ్లకి పనిలేక మా అటెండరు ఆ ఎనిమిది నెలలూ అర్జీదారులకి కుర్చీలు వేశాడు. బదిలీ ఎందుకైందని అడక్కండి.

పది తర్వాత పదకొండో నంబరు కూడా ఉందని చాలామందికి తెలీదు. అది గాలి వేగం గురించి కాదు, హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని చెప్పడానికి. 1953 మార్చి 1న స్టాలిన్ ఇంట ఎగిరింది అదే. మాస్కో శివార్లలోని కుంత్సెవో భవనంలో మధ్యాహ్నమైనా ఆయన గదిలో అలికిడి లేదు. పిలవకుండా వెళితే ఏం మూడుతుందోనని కాపలావాళ్లు రాత్రిదాకా గుమ్మం తొక్కలేదు. తీరా వెళ్లి చూస్తే పక్షవాతం కొట్టి నేలమీద పడి ఉన్నాడు. డాక్టర్లొచ్చింది మర్నాడు పొద్దున. పేరున్న డాక్టర్లు చాలామంది అప్పటికే కుట్ర కేసులో ఆయనగారి జైల్లోనే ఉన్నారు. 5న పోయాడు. క్రమశిక్షణకి మాత్రం వంక పెట్టలేం. అనుమతి లేకుండా ఒక్కడూ లోపలికెళ్లలేదు.

మొన్నటి వానకి మా రికార్డు గది కప్పు కారి పాత అడంగల్ పుస్తకాలు తడిశాయి. సారుకి ఎవరు చెప్పాలన్న విషయమై మేం మూడు రోజులుగా చర్చిస్తున్నాం. పుస్తకాలు నానుతున్నాయి. వరండాలో అటెండరు రెండు చేతులూ ఎత్తి, ఇంకో వేలి కోసం వెతుక్కుంటున్నాడు.